కోడుమూరుకు ఒక క్యాను నల్ల నూనె

మొన్న కల్లూరులో నా బైకుకు ఆయిల్ మార్పిస్తుంటే, మెకానిక్ భాయ్ పళ్లెంలో పడిన పాత నూనె వైపు చూసి, "దీన్నేం చేద్దామప్పా?" అని అడిగాడు. మెకానిక్ షాపులో ఎవరూ అడగని ప్రశ్న అది. పాత ఆయిల్‌ను డ్రమ్ములో పోస్తారు, అంతే. కానీ భాయ్ అడిగాడు. ఇద్దరం కాసేపు ఆ పళ్లెం వైపే చూస్తూ నిలబడ్డాం. దారిన పోయేవాళ్ళు చూస్తే ఎవరికో నివాళి అర్పిస్తున్నారనుకుంటారు. నిజానికి జరుగుతున్నది అదే. పూలదండ ఒక్కటే తక్కువ.

జీపు మామ పోయి ఏడాది కావస్తోంది.

మామ అంటే నాకు చుట్టమేమీ కాదు. మా వీధి చివరి ఇల్లు ఆయనది. సొంతూరు కోడుమూరు. ఇంటి ముందు రేకుల కింద ఒక డీజిల్ జీపు ఉండేది. నాకంటే వయసులో పెద్దది, అందుకే నేనెప్పుడూ దాని బానెట్ మీద కూర్చోలేదు. మామ మాత్రం ప్రతి పొద్దునా ఆ బానెట్ ఎత్తేవాడు. ఇంజన్‌లో నూనె ఎంతుందో చూసే సన్నటి ఇనుప పుల్లను గేజి అంటారు. దాన్ని లాగి, భుజం మీది తువ్వాలతో తుడిచి, మళ్ళీ ముంచి లాగేవాడు. కొసకు అంటిన నూనెను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దేవాడు. వాసన చూసేవాడు. వెలుతురుకు పెట్టి ఒక కన్ను మూసేవాడు. తర్వాత అవే వేళ్ళతో టీ గ్లాసు పట్టుకుని, టీని కూడా వెలుతురుకు పెట్టి చూసేవాడు. తేడా వస్తే మార్పిస్తాడేమోనని టీ భయపడేది.

అత్తకు, అంటే ఆయన భార్యకు, ఈ తంతు చూస్తే ఒళ్ళు మండేది.

"నా మోకాళ్ళకు ఎప్పుడన్నా ఇంత నూనె రాసినావా?"

"నీ మోకాళ్ళకు గేజి యాడుండాదే, చూసేకి?"

ఈ సంభాషణ నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ఇద్దరికీ విసుగు రాలేదు, నాకూ రాలేదు.

జీపు కిలోమీటర్ల మీటరు నేను పుట్టకముందే ఆగిపోయిందట. ఎంత దూరం తిరిగిందో తెలియని బండికి ఆయిల్ ఎప్పుడు మార్చాలి? మామ దగ్గర దీనికి జవాబుండేది. "మీటరు ఆగిపోయినా అమావాస్య ఆగదు గదప్పా." మా వైపు అమావాస్యకు బండ్లు కడిగి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టడం ఎలాగూ ఉంది. మామ దానికి ఆయిల్ జతచేశాడు. మూడు అమావాస్యలకు ఒకసారి నూనె మారాలి. భాయ్‌కు కూడా ఈ లెక్క బాగానే కుదిరింది. "అమావాస్య మర్నాడు మాకు నెలవంక. మనిద్దరి క్యాలెండరూ ఒకటే రెడ్డీ" అనేవాడు.

అధిక మాసం వచ్చిన ఏడు మాత్రం గొడవైంది. ఆ నెల అమావాస్యను లెక్కలో వేయాలా, వద్దా? భాయ్ వేయమన్నాడు. మామ వద్దన్నాడు. అధిక మాసంలో శుభకార్యాలు చేయకూడదన్నాడు.

"ఆయిల్ మార్చేది శుభకార్యమా రెడ్డీ?"

"మరి? అశుభమా?"

భాయ్ నా వైపు తిరిగాడు. నన్ను తీర్పు చెప్పమన్నారు. ఇంజన్‌ను అడిగి చెప్తానన్నాను. ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు. అలా ఆ గొడవ చల్లబడింది.

భాయ్ వాదన వేరు. అదీ న్యాయమైనదే. "పాత ఇంజన్ నూనె తాగుతాది. మన దార్ల దుమ్ము దుమ్ము కాదు, పిండి. కొత్త బండికి పుస్తకంలో రాసిన లెక్క దీనికి పనికిరాదు, సగానికే మార్చాల. ఒప్పుకుంటా. అయితే అది తిరిగే బండికి. నీది రేకుల కింద నిలబడుకోని ఉండాది. దానికి ఏడాదికొకసారి చాలు."

"నిలబడుకోని ఉన్నా వయసు పోతాది గదప్పా. నాకు పోలేదా?"

భాయ్ కింద నట్టు విప్పేవాడు. నూనె తేనెలా జారేది. భాయ్ నా వైపు చూసి తల అడ్డంగా ఊపేవాడు. ఇంత మంచి నూనెను పారేయడం పాపమని ఆ ఊపుడుకు అర్థం. మామ మాత్రం పళ్లెం పక్కనే గొంతుక్కూర్చుని, ఆఖరి చుక్క పడేదాకా లేచేవాడు కాదు. తర్వాత ఆ పాత నూనెను తనే ఒక తెల్ల క్యానులోకి వంపి, మూత బిగించి, తువ్వాలతో తుడిచి నా చేతికిచ్చేవాడు.

"అల్లుడా, ఇది మా అన్నకు."

అసలు సంగతి ఈ క్యాను. అది అర్థమయ్యేసరికి నాకు చాలాకాలం పట్టింది. నేను లెక్కల మాస్టరును, అర్థం కావడం నా వృత్తి కాదు, అర్థమైందా అని అడగడమే నా వృత్తి. కోడుమూరులో ఒక ప్రైవేటు స్కూల్లో చెప్పేవాణ్ణి, రోజూ కల్లూరు నుంచి బైకు మీద పోయి వచ్చేవాణ్ణి. అందుకని క్యాను నాకు దక్కింది.

కోడుమూరులో మామ వాళ్ళ పాత మిద్దె ఉంది. మట్టి పైకప్పు, కింద కొయ్య దూలాలు, కొయ్య స్తంభాలు, మనిషి వంగి దూరాల్సిన తలుపు. అందులో ఆయన అన్న, కొడుకూ కోడళ్ళతో ఉండేవాడు. అలాంటి ఇంటికి శత్రువు చెదపురుగు. ఇంజన్‌లో కాలిన నల్ల నూనెను కొయ్యకు పట్టిస్తే చెదలు దగ్గరికి రావు. మా వైపు పాత ఇళ్ళ తలుపులన్నీ ఆ నూనె తాగినవే.

మొదటిసారి క్యాను తీసుకుపోయినప్పుడు పెద్దాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేనెవరో చెప్పాను. "ఆడ పెట్టు" అన్నాడు. మూత తీసి, వేలు ముంచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దాడు. వాసన చూశాడు. వెలుతురుకు పెట్టి ఒక కన్ను మూశాడు. నాకు నవ్వొచ్చింది. కల్లూరులో చూసిన సినిమానే కోడుమూరులో మళ్ళీ ఆడుతోంది, హీరోకు జుట్టు మాత్రం ఇంకొంచెం తెల్లగా ఉంది. తర్వాత లోపల్నుంచి కిందటి సారి ఖాళీ క్యాను తెప్పించి నా చేతికిచ్చాడు. తమ్ముడెట్లున్నాడని అడగలేదు. మంచినీళ్ళు తాగుతావా అని మాత్రం అడిగాడు.

ఇంటికొచ్చి ఖాళీ క్యాను ఇస్తే, మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసేవాడు.

"ఏమన్నా అన్నాడా?"

"ఆడ పెట్టు అన్నాడు."

"అంతేనా?"

"మంచినీళ్ళిచ్చినారు."

"కడవ నీళ్ళా, ఫ్రిజ్జు నీళ్ళా?"

"కడవ నీళ్ళు."

మామ తల ఊపేవాడు, ఏదో ముఖ్య సమాచారం అందినట్టు.

రాయలసీమలో అన్నదమ్ములు మాట్లాడుకోవడం లేదంటే బయటి ఊళ్ళవాళ్ళకు కొడవళ్ళూ బాంబులూ గుర్తొస్తాయి. వాళ్ళను నిరాశపరచడం నాకూ ఇష్టం లేదు, కానీ వీళ్ళది ఉత్త ఆయిల్ గొడవ. భాయ్ చెప్పాడు, అప్పట్లో ఆ ఇంజన్ విప్పింది ఆయనే. జీపు ఇద్దరన్నదమ్ములు కలిసి సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. పెద్దాయనకు ఆయిల్ మార్చడం మీద నమ్మకం లేదు. తగ్గితే పోయాలి గానీ, ఉన్నదాన్ని పారబోయడమేంది అనేవాడు. మామ మార్చాలనేవాడు. ఒక ఎండాకాలం పెద్దాయన విత్తనాల మూటలు వేసుకుని ఓర్వకల్లు దాటుతుంటే, నూనె జిడ్డు జిడ్డుగా గడ్డకట్టి, ఇంజన్ పట్టేసింది. బండిని ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చారు. ఊరంతా చూస్తుండగా మామ ఒక మాటన్నాడు. "నీ చేతికి ఏదిచ్చినా చంపుతావు."

ఆ ముందు ఏడే పెద్దాయన ఎద్దుల జత జబ్బు చేసి చచ్చిపోయింది.

 పెద్దాయన తాళంచెవి తమ్ముడి చేతిలో పెట్టి, "నీ బండి నువ్వే పెట్టుకో. నేను ఎక్కను" అన్నాడట. అంతే. అటు తర్వాత మామ కల్లూరుకు వచ్చేశాడు, జీపుతో సహా. ఆ ఏడు నుంచే నూనె మార్చడమూ, క్యాను పంపడమూ. నాకంటే ముందు ఆ క్యానును ఎవరెవరో మోశారు.

ఇలా ఎన్నాళ్ళయినా జరిగి ఉండేదే. ఒకరోజు పెద్దాయన వేళ్ళ మధ్య నూనె రుద్ది మొహం చిట్లించాడు.

"ఏమప్పా, ఇది నల్లగా లేదే. ఈ తెల్ల నూనెకు చెదలు భయపడవని చెప్పు."

నేను సాయంత్రం ఆ మాట చేరవేశాను. మామ చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది.

"ఏమన్నాడు? మళ్ళా చెప్పు."

మళ్ళీ చెప్పాను.

"చెప్పు అన్నాడా? నాకు చెప్పు అన్నాడా?"

"నీ పేరు చెప్పలేదు మామా. అయినా చెదలకైతే చెప్పమనడు గదా."

మామ అత్తను బయటికి పిలిచాడు. నా చేత మూడోసారి చెప్పించాడు. లెక్కల మాస్టరుగా నా మాట కోసం ఇంత ఆత్రంగా ఎదురుచూసినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు, ఆ తర్వాతా లేరు.

మర్నాటి నుంచి మామ జీపు బయటికి తీశాడు. నిలబడిన బండిలో నూనె నల్లబడదు, బండి తిరగాలి. పొద్దున్నే బయల్దేరి ఓర్వకల్లు రాళ్ళగుట్టల దాకా పోయి తిరిగొచ్చేవాడు. ఆడ పనేమీ లేదు. వచ్చి బానెట్ ఎత్తి గేజి చూసి, "ఇంకా రాలే" అనేవాడు. భాయ్‌కు ఇది మతి పోగొట్టింది. "నూనె బాగుండాలని చూసుకునేటోళ్ళను చూసినా. నూనె చెడాలని డీజిల్ తగలబెట్టేటోణ్ణి ఈడే చూస్తాండా."

ఒక ఆదివారం నేనూ ఎక్కాను. జీపు శబ్దానికి మాట్లాడటం కష్టం, అరవాలి. విమానాశ్రయం దాటాక, గుట్టల కింద ఒకచోట ఆపాడు. ఎండ అప్పటికే రాళ్ళ మీద కూర్చుంది. ఇంజన్ పట్టేసింది ఇక్కడేనని ఆయన చెప్పకపోయినా అర్థమైంది. ఎందుకంటే ఆయన దిగి, రోడ్డుకు అడ్డం లేకుండా ఉండాలన్నట్టు అక్కడున్న ఒక రాయిని కాలితో పక్కకు నెట్టాడు.

"కోడుమూరు దారిలో పోయినా నూనె నల్లబడతాది గదా మామా" అన్నాను.

"పిలవకుండా ఎట్ల పోతానప్పా."

"క్యాను పిలవకుండానే పోతాంది గదా."

నవ్వాడు. తర్వాత నవ్వడం మానేసి, జీపు మడ్‌గార్డు మీద అంటిన దుమ్మును అరచేత్తో తుడుస్తూ నిలబడ్డాడు. "నేను ఆ మాట జీపు గురించే అన్నానప్పా. ఎద్దులు గ్యాపకం రాలే నాకు. అన్నాంక ఆయన మొగం చూసినా, అప్పుడు వచ్చినాయి. ఎద్దుల మాట కాదు అన్నా, అని అప్పుడే చెప్పుంటే అయిపోతుండె. ఊరంతా చూస్తాండారని ఊరకున్నా."

ఏదో ఒకటి అనడం నా అలవాటు. "ఎద్దులకు కూడా ఆయిల్ మార్చాల్సిందేమో మామా" అన్నాను. ఆయన నా వీపు మీద ఒకటి వేశాడు. ఆ చేతి నూనె మరక చొక్కాకు ఎన్ని ఉతుకులైనా పోలేదు.

ఆ మూడో అమావాస్యకు క్యాను కాస్త ముదురు రంగులోనే పోయింది. పెద్దాయన రుద్ది చూశాడు. ఈసారి మొహం చిట్లించలేదు.

"బండి నడుస్తాండాదా?"

"రోజూ నడుస్తాంది పెద్దాయనా."

"యాడికి పోతాడు?"

"ఓర్వకల్లుకు."

"ఓర్వకల్లులో ఏముండాది?"

"రాళ్ళు."

పెద్దాయన క్యాను మూత తిప్పి తిప్పి బిగించాడు. అది ఎప్పుడో బిగిసిపోయింది. "రాళ్ళు ఈడ కూడా ఉండాయని చెప్పు" అన్నాడు.

నేను ఆ రోజు స్కూలు నుంచి నేరుగా మామ ఇంటికే పోయాను. చెప్పాను. మళ్ళీ చెప్పమంటాడనుకున్నాను. అడగలేదు. లేచి లోపలికి పోయాడు. చాలాసేపు రాలేదు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను టీ తాగుతూ కూర్చున్నాను. ఎవరో ఒకరు మామూలుగా ఉండాలి కదా.

బయటికొచ్చి, "పోదాం" అన్నాడు.

"ఎప్పుడు? రేపు స్కూలుకు పోయేటప్పుడు నీ జీపు ఎక్కుతా" అన్నాను.

"రేపా? పద్ధతా అది? ఇప్పుడే గదా కొత్త నూనె పోసింది. ఇది నల్లబడనీ. అమావాస్య నాడు మార్చి, ఇంజన్‌లో కొత్తది, క్యానులో నల్లది, రెండూ పెట్టుకోని పోతా. మా అన్న మొట్టమొదట గేజి పీకుతాడు. చూడు కావాలంటే."

"మామా, ఆయన పిలిచింది నిన్ను. నూనెను కాదు."

"నీకు తెలీదులే అప్పా."

భాయ్ కూడా చెప్పి చూశాడు. "ఉన్నది తీసి ఇప్పుడే మారుస్తా. నల్లదే కావాలంటే నా డ్రమ్ములో లారీ నూనె ఉండాది, కాటుక మాదిరి. క్యానులో పోసిస్తా, తీసుకపో." మామకు కోపమొచ్చింది. అన్నకు ఊరోళ్ళ నూనె తీసుకుపోతానా అన్నాడు.  మొదటి అమావాస్య పోయింది. రెండోదీ పోయింది. మామ ఓర్వకల్లు తిరుగుడు ఎక్కువ చేశాడు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. గేజి చూసినప్పుడల్లా "ఇంకొంచెం" అనేవాడు. నాకైతే అది అప్పటికే నల్లగా కనిపించేది. భాయ్‌కూ కనిపించేది. ఎన్నో ఏళ్ళు ఆగినవాడికి ఇంకొన్నాళ్ళు ఆగడం కష్టమనిపించదు. అలవాటైన పని అదే కదా.

మూడో అమావాస్య ఇంకా రాలేదు. ఒక పొద్దున బానెట్ ఎత్తి ఉంది గానీ, మామ దాని ముందు లేడు. అరుగు మీద గోడకానుకుని ఉన్నాడు, తువ్వాల భుజం మీదే ఉంది. టీ చల్లారిపోయి ఉంది. అత్త పలకరిస్తే పలకలేదు. గుండె అన్నారు డాక్టర్లు. గుండెకు గేజి లేదు, ఉంటే ఆయనే చూసుకునేవాడు.

కోడుమూరుకు ఫోన్ చేసింది నేనే. ఇన్నేళ్ళుగా ఆ ఇంటికి క్యాను తప్ప ఏమీ మోయనివాణ్ణి, ఈ వార్త ఎట్లా మోయాలో తెలియలేదు. పెద్దాయన కొడుకు ఎత్తాడు. గంటన్నరకు పెద్దాయన కల్లూరుకు వచ్చి షేర్ ఆటోలోంచి దిగాడు. కొడుకు డబ్బులిస్తున్నా ఆగకుండా లోపలికి నడిచాడు. తమ్ముడి దగ్గర కూర్చుని మొహం మీద చెయ్యి వేశాడు. ఏడవలేదు. ఏడ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆ విభాగంలో ఖాళీ లేదు.

సొంతూర్లో చేన్లోనే సమాధి చేయాలన్నారు. శవాన్ని తీసుకుపోయే వ్యాను మాట్లాడటానికి ఎవరో ఫోన్ తీశారు.

"వ్యాను ఎందుకు, బండి ఉండాది గదా" అన్నాడు పెద్దాయన.

అందరూ రేకుల కింది జీపు వైపు చూశారు. భాయ్ తాళంచెవి తీసుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"ఆగు" అన్నాడు పెద్దాయన.

జీపు దగ్గరికి పోయాడు. బానెట్ అలాగే ఎత్తి ఉంది. గేజి లాగి, తన తువ్వాలతో తుడిచి, మళ్ళీ ముంచి లాగాడు. వేళ్ళ మధ్య రుద్దాడు. వాసన చూశాడు. వెలుతురుకు పెట్టి ఒక కన్ను మూశాడు. ఆ కన్ను చాలాసేపు తెరవలేదు.

"నల్లబడింది. మార్చు."

"ఇప్పుడా?" అన్నాడు పక్కనున్న చుట్టమొకాయన. "ఎండెక్కుతాంది పెద్దాయనా. ఆడ అంతా కనిపెట్టుకోని ఉండారు."

"ఉండనీ. ఆయిల్ మార్చకుండా వాడు బయల్దేరడు."

అత్త లోపలికి పోయి కొత్త ఆయిల్ డబ్బా తెచ్చి భాయ్ ముందు పెట్టింది. అమావాస్యకని మామ ముందే కొని పెట్టుకున్నాడట. భాయ్ ఇంజన్‌ను కాసేపు తిప్పి వేడెక్కించాడు, లేకపోతే నూనె పూర్తిగా దిగదు. జీపు శబ్దానికి ఏడుపులు వినిపించలేదు, తర్వాత ఆగిపోయాయి కూడా. భాయ్ కిందికి దూరి నట్టు విప్పాడు. వీధి వీధంతా నిలబడి నూనె కారడం చూసింది. ఇన్నేళ్ళూ పాత నూనెను పారబోయడం దండగన్న మనిషి ఆ పళ్లెం పక్కనే గొంతుక్కూర్చున్నాడు. ధార సన్నబడి, చుక్కలైంది. భాయ్ నట్టు బిగించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆఖరి చుక్క పడ్డాక లేచి, ఆ నూనెను తనే తెల్ల క్యానులోకి వంపాడు.

మామను వెనక పడుకోబెట్టారు. పక్కన నేను కూర్చున్నాను. పెద్దాయన ముందు సీటు ఎక్కాడు. ఎక్కనన్న బండి. ఒళ్ళో తెల్ల క్యాను పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ క్యాను ఇప్పుడు తెల్లగా లేదు. జీపు కల్లూరు దాటి, ఓర్వకల్లు దారిని వదిలేసి, కోడుమూరు దారి పట్టింది. కొత్త నూనెతో ఇంజన్ మెత్తగా నడుస్తోంది. అరవకుండా మాట్లాడుకోవచ్చు.

చాలా దూరం పోయాక పెద్దాయన ముందుకే చూస్తూ, వెనక్కి తిరగకుండా అన్నాడు.

"ఈసారి బాగా నల్లగా ఉండాదిలే."

నేను ఏదో అనడానికి నోరు తెరిచాను. ఆ మాట నాతో కాదని తెలిసి ఊరకున్నాను.